దారం కట్టిన గంట

కల్వకుర్తి,
మే 27.

చెల్లె నాగరాణికి అన్న లింగస్వామి దీవెనలు.

నేను, మీ వదిన స్వర్ణ, జీవాలు అందరం క్షేమం. నువ్వు మాడ్రిడ్ చేరి రెండు నెలలు దాటింది. ఇప్పుడు నా దగ్గర నుంచి కాగితం రావడం నీకు వింతగా ఉంటుంది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని మీ వదినను పదిసార్లు అడిగావట. నా ఫోన్ కాల్వలో పడిపోయింది. కొత్తది కొనవచ్చు గానీ వద్దనుకున్నాను. ఫోన్లో మనం మాట్లాడుకున్నది తక్కువ, కొట్లాడుకున్నది ఎక్కువ. ఆఖరిసారి నువ్వు "గొర్లను అమ్మెయ్యన్నా, మా కంపెనీల వాచ్‌మన్ పని ఇప్పిస్త" అన్నావు. నేను ఠక్కున పెట్టేశాను. ఆ మాట ఇంకా అరగలేదు గానీ నీ మీద కోపం మాత్రం లేదు.

బాపు వలస పోయిన రోజులు గుర్తు చేసుకో. చలికాలంలో మందను తోలుకుని కృష్ణా నది అవతలికి పోతే మళ్లీ వానల ముందుకే రాక. దారిలో ఉన్న చాయ్ హోటల్ చిరునామాకు మనం కార్డులు రాసేవాళ్లం. బాపుకు చదువు రాదు, చదివి పెట్టే హోటలాయన కోస్తా మనిషి. ఆయనకు మన మాట సరిగా తెలియదని "బడి భాషల రాయుండ్రి" అని చెప్పి పోయేవాడు. ఆ అలవాటే నా చేతికి మిగిలింది. పదో తరగతి వాడు పంతులులా రాస్తున్నాడని నవ్వకు.

తిరిగొచ్చాక చెప్పులు విప్పి, మనల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూసినదంతా చెప్పేవాడు. "చూసొచ్చినోడు చెప్పాలె, ఇంటికాడ ఉన్నోడు వినాలె. లేకుంటె చూసింది చూడనట్టే" అనేవాడు. ఇప్పుడు చూసే వంతు నీది. కంపెనీ వాళ్లు ఎనిమిది నెలల శిక్షణకు పంపినా ఆదివారాలు సెలవే కదా. నగరం చూడు. చూసింది రాయి. ఫోన్ వద్దు, కాగితమే రాయి.

నీ అన్న,
లింగస్వామి


మాడ్రిడ్,
జూన్ 16.

అన్నకు నాగరాణి నమస్కారాలు.

ఉత్తరం అందింది. కోపం లేదని రాశావు. కోపం లేనివాడు వదిన ఫోన్లోనైనా ఒక్క మాట మాట్లాడతాడు. ఎప్పుడు చేసినా వదిన "మీ అన్న జీవాల కాడ ఉన్నడు" అంటుంది. పొద్దున జీవాల కాడే, పొద్దుగూకినా జీవాల కాడే. సరే, నీ పంతం నీది. కాగితమే రాస్తాను.

ఇక్కడ నగరం నడిబొడ్డున ఒక చౌరస్తా ఉంది. ఈ దేశంలోని పెద్ద రోడ్లన్నీ అక్కడి నుంచే లెక్క. సున్నా కిలోమీటరు అని ఒక పలక నేలలో పొదిగారు. వచ్చిన వాళ్లంతా దాని మీద పాదాలు పెట్టి ఫోటో దిగుతారు. పక్కనే చెట్టు మీదికి ఎగబాకే ఎలుగుబంటి విగ్రహం ఉంది, అది ఈ నగరం గుర్తు. రాజభవనంలో మూడు వేలకు పైగా గదులు ఉన్నాయి. యూరప్‌లోని పెద్ద రాజభవనాలలో అదొకటి. ప్రాడో అనే బొమ్మల మ్యూజియం రెండు వందల ఏళ్ల నాటిది. రెతీరో అనే తోటలో చెరువు ఉంది, అందులో పడవలు అద్దెకు ఇస్తారు. అన్నీ చాలా బాగున్నాయి.

నేను బాగున్నాను. పని బాగుంది. నువ్వు ఆరోగ్యం చూసుకో.

నీ చెల్లె,
నాగరాణి


కల్వకుర్తి,
జూలై 7.

చెల్లె నాగరాణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గదులు ఎన్నో రాశావు, ఏళ్లు ఎన్నో రాశావు. నువ్వు మాత్రం ఎక్కడా లేవు. బాపు ఊరు చూసొస్తే ముందు ఏం చెప్పేవాడు? చెప్పు ఎక్కడ తెగిందో, ఎవరు నీళ్లు పోశారో, ఎవరు కుక్కను ఉసిగొల్పారో చెప్పేవాడు. ఆ తర్వాతే గుడీ గోపురమూ. మూడు వేల గదుల ఇంటికి పోయి వచ్చినదానివి కాళ్లు గుంజాయని ఒక్క ముక్క రాయలేదు. చెల్లే, నువ్వు అక్కడికి పోలేదు. ఏదో పుస్తకం చూసి రాశావు.

పోకపోతే పోలేదని రాయి. గొర్రెల కాపరికి అబద్ధం చెప్పడం కష్టం. కుంటే గొర్రెను వంద గొర్రెల నడుమ పట్టేవాళ్లం మనం.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. గట్టు పచ్చబడింది. కృష్ణయ్య చిన్నాయిన రోజూ వచ్చి పోతున్నాడు. స్వర్ణ పత్తి చేలో కలుపుకు పోతోంది.

నీ అన్న,
లింగస్వామి


మాడ్రిడ్,
జూలై 29.

అన్నా,

పట్టేశావు. నేను ఏదీ చూడలేదు. వచ్చిన నాటి నుంచి ప్రతి ఆదివారం గదిలోనే పడుకున్నాను. ఎందుకని అడగకు. ల్యాబ్‌లో అందరూ మంచివాళ్లే. మధ్యాహ్నం తిండికి కూర్చున్నప్పుడు వాళ్లు ఒకరితో ఒకరు నవ్వుతూ మాట్లాడుకుంటారు. నా వంతు వచ్చేసరికి ఇంగ్లీషులోకి మారి మర్యాదగా మాట్లాడతారు. ఆ మర్యాదకే ఏడుపొచ్చేది. పైగా నువ్వు ఫోన్ పెట్టేసిన చప్పుడు చెవిలో ఉండిపోయింది. అమ్మా బాపు పోయాక నువ్వు చదివించిన చదువుతో ఇక్కడికొచ్చి, నీ మందనే అమ్మెయ్యమన్నాను. తప్పు నాదే.

నీ ఉత్తరం వచ్చిన వారమే, ఆదివారం నాడు బయలుదేరాను. కొత్త బూట్లు కరిచి ఎడమ మడమ మీద పొక్కు లేచింది. ముందు అదే రాస్తున్నాను, చూడు. పొడుగాటి జంతికల్లాంటివి నూనెలో వేయించి, చిక్కని చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. అవి తిన్నాను. దారి తప్పాను. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని రెండు వీధులు నడిపించి, ఒక గుట్ట మీద వదిలి వెళ్లింది.

ఆ గుట్ట మీద ఏముందో తెలుసా? ఈజిప్టు దేశపు గుడి. అక్కడ డ్యామ్ కడితే మునిగిపోతుందని, రాయి రాయి ఊడదీసి, ఓడలో తెచ్చి ఇక్కడ నిలబెట్టారట. నాకు వెంటనే బాపు గుర్తొచ్చాడు. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునగబోయే గుడిని ఇట్లాగే ఊడదీసి ఆలంపూర్‌లో పెట్టారని, ఆ రాళ్ల మీద అంకెలు తాను కళ్లారా చూశానని చెప్పేవాడు కదా. "రాళ్లను తెచ్చిన్రు సరే, ఆ గుడి నీడల మేసిన గొర్ల సంగతేంది" అని అడిగేవాడు. పొద్దు గుంకేదాకా అక్కడే కూర్చున్నాను. గుడి చుట్టూ కొలను నీళ్లు, ఎర్రటి వెలుగు, ఫోటోలు దిగే జనం. ఆ ప్రశ్న అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. వచ్చాక మొదటిసారి ఆ పూటే ఆకలేసింది.

ఇంకో సంగతి. ఇక్కడ ఆదివారం పొద్దున వీధుల్లో పాత సామాన్ల సంత పెడతారు, మన కల్వకుర్తి అంగడిలాగే తోపులాట. అందులో ఒక గొర్రె గంట దొరికింది. పాతది, రేకుతో చేసింది. మంద గంట కాల్వలో జారిపోయినప్పుడు బాపు రెండు రోజులు అన్నం తినలేదు గుర్తుందా? చేత్తో ఊపితే అచ్చం ఆ మోతే. నాతో శిక్షణకు వచ్చిన మంజులత పది రోజుల సెలవు మీద జడ్చర్ల వస్తోంది. ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. ముందు నడిచే గొర్రెపోతు మెడకు కట్టి, ఎట్లా మోగుతోందో రాయి.

నీ చెల్లె,
నాగరాణి


కల్వకుర్తి,
ఆగస్టు 22.

చెల్లె నాగరాణికి,

నీ మడమ పొక్కు చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది ఉత్తరమంటే.

మంజులత వచ్చి గంట ఇచ్చింది. మంచి పిల్ల. ఎక్కువ మాట్లాడలేకపోయాను, తొందరలో ఉన్నానని చెప్పు. గంట బరువుగా ఉంది. అంచు దగ్గర అరిగింది, చాలా మెడలు చూసిన గంటే. అదే పూట నల్లపోతుకు కట్టాను. తల పైకెత్తి గర్వంగా నడుస్తోంది. మోత అచ్చం బాపు గంట మోతే. గట్టు అవతల ఉన్నా తెలిసిపోతోంది.

ఇంకా చూడు. ఇంకా రాయి.

నీ అన్న,
లింగస్వామి


మాడ్రిడ్,
సెప్టెంబర్ 11.

అన్నా,

ఈ ఉత్తరంలో చూసినవేమీ లేవు. ఒక్క మాట అడగడానికే రాస్తున్నాను.

మంజులత తిరిగొచ్చింది. నిన్న భోజనాల దగ్గర నీ ఉత్తరం సంతోషంగా చదివి వినిపించాను. ఆమె చెంచా కింద పెట్టేసింది. విమానంలో సంచీ కదిలినప్పుడల్లా మోగకూడదని, గంట లోపలి నాలుకను నల్ల దారంతో పక్కకు లాగి కట్టిందట. మన ఇంట్లో ఇచ్చేటప్పుడు విప్పడం మరిచిపోయానని అప్పుడే చెప్పింది. ఆ గంట మోగదు అన్నా. మోగని గంట గట్టు అవతలికి ఎట్లా తెలిసిపోతోంది?

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ రోజు నువ్వు దొడ్డి దగ్గర వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నావట. "అన్నా, అన్నా" అని నాలుగుసార్లు పిలిచినా తిరగలేదట. వదిన పరిగెత్తుకొచ్చి నీ భుజం తట్టిందట. "మీ అన్న జర పొగరు మనిషి లెక్కున్నడు" అని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

వదినకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏడ్చింది. "లింగమంతుల సామి మీద ఒట్టేయించుకున్నడు రాణీ, నేను చెప్ప" అని పెట్టేసింది.

నీకు వినపడటం లేదు కదా? ఎప్పటి నుంచి? మనలో ఒక కట్టుబాటు ఉంది. దారిలో గొర్రె చస్తే కాపరి దాని చెవి కోసి తెచ్చి ఆసామి ముందు పెట్టాలి. చెవి చూపకపోతే ఆ కాపరి మాట ఎవరూ నమ్మరు. నీ చెవులే పోతే నాకు చూపించకుండా దాచావు. నేనేమో నువ్వు కోపంతో మాట్లాడటం లేదనుకుని నాలుగు నెలలు నిన్ను తిట్టుకున్నాను. నిజం రాయి. రాయకపోతే ఈ శిక్షణ వదిలేసి వచ్చేస్తాను.

నాగరాణి


కల్వకుర్తి,
సెప్టెంబర్ 30.

చెల్లే,

ఈసారి క్షేమం అని రాయను.

మే ఆరో తేదీ పొద్దున. వలస ముగించుకుని వస్తున్నాం. ఊరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా శ్రీశైలం రోడ్డు దాటించాలి. ముందు స్వర్ణ, వెనక నేను. సగం మంద దాటింది. వంపు తిరిగి లారీ వచ్చింది. హారన్ విన్నాను. నేను విన్న ఆఖరి చప్పుడు అదే. ముప్పై ఒక్క జీవాలు పోయాయి. నా తల రోడ్డుకు కొట్టుకుంది.

కళ్లు తెరిచేసరికి నన్ను ఆటోలో ఎక్కిస్తున్నారు. స్వర్ణ రోడ్డు మీద కూర్చుని కొడవలితో చెవులు కోస్తోంది. మందలో చిన్నాయిన జీవాలు కూడా ఉన్నాయి కదా, చెవులు చూపాలి. ఆమె నోరు కదులుతోంది, ఏడుస్తోందని తెలుస్తోంది, నాకేమీ వినిపించడం లేదు. మహబూబ్‌నగర్ దవాఖాన, అక్కడి నుంచి హైదరాబాద్. రెండు చెవులూ లోపల దెబ్బతిన్నాయని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. మిషన్ పెట్టినా పని చేస్తుందని నమ్మకం లేదన్నాడు.

నీకు చెబితే మరునాడే విమానం ఎక్కుతావు. మధ్యలో వస్తే కంపెనీలో నీ పని పర్మినెంట్ కాదని నువ్వే చెప్పావు. అందుకే ఫోన్ కాల్వలో పడిందని రాశాను. ఫోన్ అటక మీదే ఉంది. వినపడకపోయినా నీ సంగతులు తెలియాలంటే బాపు దారి ఒక్కటే కనిపించింది. "ఉన్నోడు వినాలె" అన్నాడు కదా. నేను కళ్లతో విన్నాను. గంట మోగుతోందని రాసింది మాత్రం అబద్ధం. నీ మనసు నొచ్చుకుంటుందని రాశాను. నీ ఉత్తరం చదివి వెళ్లి చూస్తే లోపల దారం కనిపించింది, కోసేశాను. వదినను ఏమీ అనకు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మందను అమ్మేస్తున్నాను. చిన్నాయిన బేరగాడిని మాట్లాడాడు, దీపావళి పోయాక వస్తాడు. "చెవులు లేనోడు గొర్లెనక రోడ్డెక్కితె ఒకనాడు స్వర్ణ నీ చెవి కోసుకొస్తది" అన్నాడట చిన్నాయిన. స్వర్ణ పలక మీద రాసి చూపించింది. ఆయన మాటలో తప్పు లేదు. మే నుంచి నేను మందను ఒక్కసారి కూడా పిలవలేదు. కర్రతో తోలుతున్నాను. నా గొంతు నాకు వినపడనప్పుడు ఏమని పిలవను? ఎట్లా అరుస్తానో, విన్నవాళ్లు ఏమనుకుంటారో అని సిగ్గు. పిలవలేనివాడు కాపరి కాదు. చివరికి నువ్వన్న మాటే నెగ్గింది.

నువ్వు మాత్రం రావద్దు. పూర్తి చేసుకునే రా.

లింగస్వామి


మాడ్రిడ్,
అక్టోబర్ 22.

అన్నా,

నీ ఉత్తరం చదవగానే వచ్చేద్దామనుకున్నాను. టికెట్ చూశాను. మళ్లీ నీ ఆఖరి మాట చదివి మానేశాను. రావద్దన్నావు, రాలేదు. కానీ నీకు చెప్పాల్సింది ఒకటి చూశాను.

మొన్న ఆదివారం ఈ నగరం మధ్యలో గొర్రెలు నడిచాయి. ఏటా ఈ నెలలో ఒకరోజు నడుస్తాయట. చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. ఈ పెద్ద వీధులు ఒకప్పుడు గొర్రెల దారులు. కాపరులకు ఆ దారి మీద హక్కుందని ఆరు వందల ఏళ్ల నాటి కాగితం ఉందట. ఊరు పెరిగి మేడలు వచ్చినా హక్కు పోలేదు. ఆ హక్కు గుర్తుండాలనే నడుస్తారు. బస్సులు ఆగాయి, కార్లు ఆగాయి. పోలీసులు రెండు పక్కలా నిలబడ్డారు. ఒక్కడూ హారన్ కొట్టలేదు అన్నా. నేను రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. పక్కనున్నామె పిల్ల తప్పిపోయిందేమోనని అడిగింది.

బాపు లెక్కన చెప్పాలంటే మోత కూడా చెప్పాలి. ముందు గంటలు వినిపించాయి, గొర్రెలు ఇంకా కనిపించలేదు. దూరంగా వాన మొదలైనట్టు గిట్టల చప్పుడు. తర్వాత బ్యాండు, డోళ్లు, చప్పట్లు, పిల్లల కేకలు, అన్నీ కలిసిపోయాయి. పెద్ద చౌరస్తా దగ్గర మంద బెదిరి రెండుగా చీలింది. సగం ఒక వీధిలోకి మళ్లాయి. ముందున్న ముసలి కాపరి ఆగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి ఒక్కసారి పిలిచాడు. పది అడుగుల దూరంలో ఉన్న నాకు ఆ పిలుపు వినిపించలేదు. అంత మోతలో ఆయనకూ తన గొంతు వినిపించి ఉండదు. కానీ మళ్లిన గొర్రెలు ఆగాయి, తలలు తిప్పాయి, వచ్చి కలిశాయి.

చిన్నప్పుడు నేను బాపు లాగా పిలవబోతే గొంతు కీచుగా వచ్చేది. నువ్వు నవ్వేవాడివి. అప్పుడు బాపు "పిలుపు గొర్లకు బిడ్డా, మనకు కాదు" అన్నాడు. నీకు గుర్తుందో లేదో.

అమ్మమని ఒకప్పుడు నేనే అన్నాను. ఇప్పుడు అమ్మవద్దని అననూ లేను, ఎందుకంటే ఆ రోడ్డు నాకు తెలుసు. ఒక్కటే అడుగుతాను. బేరగాడు వచ్చేలోపు ఒక్కసారి పిలిచి చూడు. రాకపోతే అమ్మెయ్యి. వస్తే, డిసెంబర్ మొదటి వారంలో నేను తిరిగొచ్చాక, జడ్చర్ల కంపెనీలో చేరే ముందు పది రోజులు సెలవు ఉంది. శ్రీశైలం రోడ్డు దాటించే రోజు మంద వెనక నేనుంటాను.

నీ చెల్లె,
నాగరాణి


కల్వకుర్తి,
నవంబర్ 13.

చెల్లె నాగరాణికి అన్న దీవెనలు.

నీ ఉత్తరం అందిన నాలుగో రోజున బేరగాడు వచ్చాడు. ఆ నాలుగు రోజులూ గట్టు దాకా పోయి, నోరు తెరిచి, మూసుకుని తిరిగొచ్చాను. అంత పిరికివాడినని నాకే తెలియదు.

జీవాలు గట్టు కింద తుమ్మల్లో చెదిరి మేస్తున్నాయి. చూపించమన్నాడు బేరగాడు. చిన్నాయిన కర్ర తీసుకున్నాడు. స్వర్ణ కొంగు బిగించి తోలుకురావడానికి కదిలింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అందరూ చూస్తున్నారని తెలిసినా, చెయ్యి నోటికి అడ్డం పెట్టి బాపు పిలిచినట్టే పిలిచాను. గొంతులో అదురు తెలిసింది, అంతే. చిన్నాయిన మొహం చూడలేదు. గట్టు వైపే చూస్తూ ఉన్నాను.

ముందు నల్లపోతు తలెత్తింది. తర్వాత దాని పక్కనున్నవి. ఆ తర్వాత తుమ్మల్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చి, పరుగు అందుకున్నాయి. పోతు నేరుగా వచ్చి నా తొడకు తల ఆనించింది. గంట మీద చెయ్యి వేశాను. అరచేతిలో టక టకమని కొట్టుకుంటోంది. దాని మెడ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. స్వర్ణ కూడా పక్కనే కూర్చుంది.

బేరగాడు ఒట్టి చేతులతో వెళ్లిపోయాడు. చిన్నాయిన ఏదో అన్నాడు. స్వర్ణ పలక మీద రాసి చూపించింది: "రోడ్డు దాటేటప్పుడు నేను గూడ వస్త." ముందు నేను, నడుమ చిన్నాయిన, వెనక నువ్వూ స్వర్ణా. డిసెంబర్‌లో దాటిద్దాం. ఆ పది రోజుల తర్వాత వెనక స్వర్ణ ఉంటుంది.

ఒక్క సందేహం మిగిలింది, చెల్లే. అది తీర్చగలిగేది నువ్వే. నా పిలుపు బాపు పిలుపులాగే ఉందో, వంకరపోయిందో ఇక్కడ ఎవరినడిగినా మంచే చెబుతారు. నువ్వొచ్చి విని, ఉన్నదున్నట్టు రాసి చూపించు. మంద మాత్రం వచ్చింది.

నీ అన్న,
లింగస్వామి